ఏ కంటికి ఎంత జీతం

ప్రోతరాపూర్,
పోర్ట్ బ్లెయిర్,
14 ఫిబ్రవరి 2005

తమ్ముడూ దేవా,

నీ షిప్పు వైజాగ్ చేరిందని శారదాదేవి మేడమ్ గారింటికి ఫోన్ చేశావట. మేడమ్ ఎవరితోనో చెప్పి పంపకుండా తనే వచ్చారు. మా బడి హెడ్మిస్ట్రెస్ మన వాకిట్లో నిలబడి "మీ తమ్ముడు దిగాడట ప్రేమా, ఇక నువ్వు కూడా ఒక ముద్ద తిను" అంటే కాదనలేకపోయాను. తిన్నాను.

జెట్టీ మీద నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "చదువు ఆపేస్తానక్కా, హౌస్ సర్జన్సీ కాగానే వచ్చి ఇక్కడే ఏదో ఒక డిస్పెన్సరీలో చేరిపోతా" అన్నావు. షిప్పు హారన్ మోతలో నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. వద్దు.

అమ్మానాన్న లేరు. కార్ నికోబార్‌లో నాన్న పని చేసిన పవర్ హౌసూ, పక్కనే మన క్వార్టరూ ఉన్న చోట ఇప్పుడు సముద్రమే ఉందని చూసొచ్చినవాళ్ళు అంటున్నారు. సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. అమ్మ చర్చికి తయారవుతూ ఉండి ఉంటుంది. ఆ పైన నేను ఊహించడం మానేశాను, నువ్వూ మానెయ్యి. పాతిపెట్టుకోవడానికి మనకు వాళ్ళ ఆనవాలు కూడా దొరకలేదు. దొరికింది ఒకటే, నువ్వు డాక్టరువి కావాలని వాళ్ళు పడ్డ ఆశ. దాన్ని కూడా నీళ్ళపాలు చేస్తానంటే నేను ఒప్పుకోను.

నువ్వు రిలీఫ్ క్యాంపులో సాయం చేస్తున్నప్పుడు ఒక మధ్యాహ్నం నీకు అన్నం తెచ్చాను, గుర్తుందో లేదో. ఎవరో నికోబారీ ముసలమ్మ తల నీ ఒళ్ళో పెట్టుకుని, కంట్లో పేరుకున్న ఇసుకా డీజిలూ సెలైన్‌తో కడుగుతున్నావు. ఆమె నీ మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. నువ్వు విడిపించుకోలేదు. మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన కళ్ళ డాక్టరు గారు నా పక్కన నిలబడి చూస్తున్నారు. "ఈ అబ్బాయి చెయ్యి వణకదమ్మా. కళ్ళ వైపు పంపండి" అన్నారు. ఇన్ని దినాల దుఃఖంలో నాకు కాస్త గర్వంగా అనిపించింది ఆ ఒక్క నిమిషమే.

కాబట్టి పీజీ ఎంట్రెన్స్ రాయి. నాకు సర్కారు ఉద్యోగం ఉంది, నీ చదువుకి అది చాలు. ఉత్తరాలు మాత్రం తెలుగులో రాయి. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే నీకూ మాటలు వచ్చినంత బాగా రాత రాదు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను. టీచరు అక్క ఉన్నందుకు ఆ మాత్రం శిక్ష తప్పదు.

ప్రార్థనలో నీ పేరు తలవని పూట లేదు.

అక్క
ప్రేమావతి


విశాఖపట్నం,
9 సెప్టెంబర్ 2007

అక్కా,

పోయినసారి నా ఉత్తరంలో నువ్వు దిద్దిన తప్పుల కంటే ఈసారి తక్కువ ఉంటాయని నమ్మకం. నా రూమ్మేట్ మనోహర్‌ది రాజమండ్రి. పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నాను.

"కళ్ళ డాక్టర్లలో మళ్ళీ రకాలేమిటి? ఎవరికి ఎంత జీతం, ఎవరు ఎలా బతుకుతారు, అన్నీ విడమరచి రాయి" అన్నావు. మా హాస్టల్లో మూడో ఏడాది వాళ్ళందరి గోలా ఇదే. వచ్చే ఏడు ఎం.ఎస్. అవుతుంది. తర్వాత కంట్లో ఒక్క భాగం మీదే ఇంకో రెండేళ్ళు ఫెలోషిప్ చెయ్యచ్చు. ఏ భాగం పట్టుకుంటే ఆ బతుకు.

అందరికంటే ఎక్కువ జీతం రెటీనా వాళ్ళది. అంటే కంటి వెనక తెర. మాకు చెప్పే రెటీనా సార్ పొద్దున ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం మరోటి. ఫెలోషిప్ అయినవాడికి మొదట్లోనే లక్ష దగ్గర ఇస్తున్నారట. కానీ మైక్రోస్కోపు మీద వంగి వంగి సార్‌కి మెడ పట్టేసింది, బెల్టు కట్టుకుని తిరుగుతారు. షుగర్ పేషెంట్లకు ఉన్న చూపు పోకుండా ఆపితే అదే ఆయనకు పెద్ద గెలుపు.

కళ్ళజోడు తీసేసే లేజర్ వాళ్ళది ఇంకో లోకం. వాళ్ళ దగ్గరికి జబ్బుపడ్డవాళ్ళు రారు. పెళ్ళి కుదిరిన అమ్మాయిలూ, పోలీసు ఉద్యోగానికి వెళ్ళే అబ్బాయిలూ వస్తారు. ఏసీ గది, పూలకుండీలు, కాఫీ. డబ్బు బాగానే ఉంది, అయితే అది మెషీను కొన్నవాడికి. మెషీను ముందు కూర్చున్న డాక్టరు జీతగాడే.

కంటి ముందు పొర మార్చే కార్నియా మేడమ్ కూతురి పుట్టినరోజు కేకు కోస్తుంటే ఫోన్ వచ్చింది. ఎవరో చనిపోయారు, ఇంట్లోవాళ్ళు కళ్ళు ఇస్తామన్నారు. కత్తి పక్కన పెట్టి వెళ్ళిపోయారు. జీతం మధ్యరకం. నీటికాసుల సార్, అంటే గ్లాకోమా చూసే ఆయన, తొమ్మిదికి వచ్చి ఐదుకు వెళ్ళి షటిల్ ఆడతారు. ఆయన పేషెంట్లు జీవితాంతం ఆయనవాళ్ళే. మామిడిపళ్ళు తెస్తారు గానీ ఎవరూ థ్యాంక్స్ చెప్పరు, చుక్కలు వేసుకుంటే చూపేం పెరగదు కదా. కనురెప్పలు సరిచేసేవాళ్ళు బొమ్మలు గీసేవాళ్ళలాంటి వాళ్ళు. పని ముచ్చటగా ఉంటుంది, ఉద్యోగాలు ఎక్కడో రెండు మూడు.

అందరిలో తక్కువ జీతం పిల్లల కళ్ళ మేడమ్‌ది. రెటీనాలో సగం కూడా రాదు. ఆమె గదిలో గిలక్కాయలూ, తోలుబొమ్మలూ. ఒక పిల్లాడి కన్ను ఒక్కసారి చూడాలంటే అరగంట ఆడించాలి. అదే అరగంటలో పక్కగదిలో పదిమందిని చూసేస్తారు. మేమంతా ఆవిడంటే చేతులు కట్టుకుని నిలబడతాం. ఆవిడ దారిలోకి మాత్రం ఒక్కరూ వెళ్ళరు.

మనోహర్ రెటీనా అంటున్నాడు. నేనింకా ఏమీ అనుకోలేదు. నువ్వు వేళకు తింటున్నావా?

దేవకుమార్


ప్రోతరాపూర్,
2 అక్టోబర్ 2007

దేవా,

నీ ఉత్తరం స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించాను. కోప్పడకు. పోర్ట్ బ్లెయిర్ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెబుతున్నానని ఇప్పటికే నా మీద అభియోగం ఉంది. ఒక తమ్ముడు, అందులోనూ కళ్ళ డాక్టరు అవుతుంటే నోరు మూసుకుని కూర్చునే అక్క ఎక్కడైనా ఉంటే నాకు చూపించు.

శారదాదేవి మేడమ్ నీటికాసులకే ఓటు వేశారు. ఐదుకు ఇల్లు చేరే మగాడు ఈ లోకంలో దొరకడం కష్టమట. అటెండరు నూకన్న లేజర్ దగ్గర ఆగిపోయాడు. "ఏసీ కమ్రా, కాఫీ... డాక్టర్ సాబ్‌కి ఇంకేం చాహియే టీచరమ్మా, ఐష్ కరేగా" అన్నాడు. మెషీను మనది కాదు నూకన్నా అంటే, "పహలే కూర్చోనీ, బాద్ మే కొంటాడు" అన్నాడు.

నా ఓటు రెటీనాకి. ఎందుకంటే అది కష్టమైనది, దానికి అందరికంటే ఎక్కువ ఇస్తున్నారు, నువ్వు కష్టానికి వెనక్కు తగ్గేవాడివి కావు. మెడ సంగతి మాత్రం చూసుకోవాలి. దిండు లేకుండా పడుకో. రెటీనా వాళ్ళకు ఆసుపత్రివాళ్ళు ఇల్లు కూడా ఇస్తారా? హైదరాబాదులో అద్దెలు ఎక్కువంటున్నారు. ఊరు వదిలి రాకుండా కనీసం ఎన్నేళ్ళు పని చేస్తే పేరు వస్తుంది? ఇవన్నీ కనుక్కుని రాయి. జీతాల గురించి ఇంతగా ఎందుకు అడుగుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. భూకంపానికి వంటింటి గోడ మీద పడ్డ బీట కొంచెం పెద్దదైంది, పక్కింటి మహాలక్ష్మమ్మ గారు దానికి పేడా మట్టీ మెత్తారు. నా మూడో తరగతి పిల్లలు ఈ ఏడు ఎక్కాలు తప్పు లేకుండా చెబుతున్నారు. నీకు ఒత్తులు రావడం లేదు, వాళ్ళకు వస్తున్నాయి.

ఎర్రసిరా దిద్దుబాటు జతపరిచాను.

అక్క


విశాఖపట్నం,
6 నవంబర్ 2007

అక్కా,

నాకు అర్థమైంది. నువ్వు నోరు తెరిచి ఏదీ అడగవని నాకు తెలీదా? జీతం ఎంత, ఇల్లు ఇస్తారా అని అన్నిసార్లు అడిగి, చివర్లో గోడ సంగతి ఒక్క ముక్కలో రాశావు. ఇన్నేళ్ళూ నీ జీతమంతా నా చదువుకే పోయింది, ఆ గోడ కింద నువ్వు ఒక్కదానివే వండుకుంటున్నావు.

స్టైపెండ్‌లో మిగిల్చింది డ్రాఫ్టు తీసి పంపుతున్నాను. గోడ పని మొదలుపెట్టించు. మిగతాది జనవరిలో.

ఇంకో మాట. ఈ రెటీనా, లేజర్ అన్నీ ఊరికే సరదాగా రాశాను. నేను ఏ ఫెలోషిప్పూ చెయ్యను. పరీక్ష కాగానే షిప్పెక్కి వచ్చేస్తాను. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో చేరతాను. అక్కడ ఈ రకాలేవీ ఉండవు. శుక్లమైనా, మెల్లకన్నైనా, కంట్లో చేపముల్లు గుచ్చుకున్నా ఒకటే కుర్చీ, ఒకటే జీతం. నువ్వు ఒంటరిగా ఉండక్కర్లేదు. ఈ మాట శారదాదేవి మేడమ్‌కి కూడా ఫోన్లో చెప్పాను, ఆవిడ సంతోషించారు.

నిన్ను చూసుకోవాల్సినవాణ్ణి నేనే కదా.

దేవకుమార్


ప్రోతరాపూర్,
11 జనవరి 2008

దేవకుమార్‌కి,

డ్రాఫ్టు దీనితోనే తిప్పి పంపుతున్నాను. నేను నిన్ను డబ్బు అడగలేదు. నా గోడ బాగుచేయించుకునే స్తోమత నాకుంది.

నాకు కార్ నికోబార్ బదిలీ అయింది. ఫిబ్రవరి ఆఖరున షిప్పు. ఇంటి తాళం మహాలక్ష్మమ్మ గారి దగ్గర ఉంటుంది. కాబట్టి ప్రోతరాపూర్‌లో నువ్వు వచ్చి చూసుకోవాల్సినవాళ్ళు ఎవరూ ఉండరు. నీ ఫెలోషిప్ అప్లికేషన్లు మానుకోవద్దు.

పరీక్షకు బాగా చదువు.

ప్రేమావతి


విశాఖపట్నం,
4 ఫిబ్రవరి 2008

అక్కా,

నీ ఉత్తరం చదివి ఓపీకి వెళ్ళలేకపోయాను. ఇన్ని ద్వీపాలుండగా అక్కడికా? అమ్మానాన్న పోయిన చోటికి, ఒంటరి ఆడమనిషిని? ఎవరి మీద ఏ కక్షతో వేశారో నాకు తెలీదు. నువ్వు అంత పొడిపొడిగా రాశావంటే లోపల ఎంత ఏడ్చి ఉంటావో మాత్రం నాకు తెలుసు.

నేను ఊరుకోలేదు. మీ ఆఫీసులో పెద్దాయనకు ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. మా ప్రొఫెసర్ గారి సిఫారసు కూడా జతచేశాను. సునామీలో తల్లిదండ్రులు ఇద్దరినీ పోగొట్టుకున్న టీచరనీ, తమ్ముణ్ణి తన జీతంతో డాక్టరు చదివించిందనీ, ఆమెను అదే తీరానికి పంపడం మనుషులు చేసే పని కాదనీ రాశాను. ఆర్డరు రద్దు చెయ్యమన్నాను. రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది. నువ్వు భయపడకు.

హైదరాబాద్ రెటీనా ఇంటర్వ్యూ పోయిన శనివారం జరిగింది. నేను వెళ్ళలేదు. మనోహర్ వెళ్ళాడు, వాడికి వచ్చింది. నాకేం బాధ లేదు. నేను ఎలాగూ అక్కడికే వస్తున్నాను.

సామాను సర్దకు. ఆర్డరు ఆగిపోతుంది, చూడు.

దేవకుమార్


కార్ నికోబార్,
17 మార్చి 2008

తమ్ముడూ,

ఆర్డరు ఆగలేదు. ఆపాల్సినదాన్ని నేనే కాబట్టి ఆగలేదు.

షిప్పెక్కే ముందు ఆఫీసుకి పిలిపించారు. పెద్దాయన బల్ల మీద నీ రెండు పేజీలున్నాయి. ఆయన చాలా మర్యాదస్తుడు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "మేడమ్, మీ భాయ్‌సాబ్ రాసింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆప్ జానా చాహతీ హైఁ యా నహీఁ?" అంటూ నాకు వెళ్ళాలని ఉందో లేదో అడిగారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సార్, అప్లికేషన్ మైనే హీ దియా థా. ఎవరూ నన్ను పంపడం లేదు, నేనే వెళ్తున్నాను" అన్నాను. ఆయన ఫైలు తెప్పించి నా దరఖాస్తు చూసుకున్నారు. తర్వాత నీ ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గర ఉంచుకోండి, ఇలాంటివి రోజూ రావు" అన్నారు.

బయటికొచ్చి జెట్టీ దాకా నడుస్తూ చదివాను. ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. నా గురించి నువ్వు అంత గొప్పగా రాసి, నాకు సొంత బుద్ధి ఉందన్న ఒక్క సంగతి రాయడం మరిచిపోయావు.

ఇప్పుడు అన్నీ తిన్నగా చెబుతాను. నీ జీతాలు అడిగింది నా గోడ కోసం కాదు. నువ్వు నాకోసం తిరిగొస్తానని హౌస్ సర్జన్సీ నాటి నుంచీ అంటున్నావు. ఎవరి బతుకు ఎలా ఉంటుందో నీ చేత్తో నువ్వే రాస్తే, ఏదో ఒకదాని దగ్గర నీ మనసు ఆగుతుందనుకున్నాను. పెద్ద జీతం చూపిస్తే కదులుతావనుకున్నాను. నువ్వు దాన్ని నా అవసరం కింద చదివావు. నువ్వు కచ్చితంగా వచ్చేస్తున్నావని శారదాదేవి మేడమ్ చెప్పిన రోజే, ఎప్పటినుంచో అనుకుంటున్న దరఖాస్తు రాసేశాను. నేను ప్రోతరాపూర్‌లో లేకపోతే నువ్వు రావడానికి కారణం ఉండదని. ఆ మాట తిన్నగా రాయకుండా కోపంగా రాశాను. డ్రాఫ్టు చూసి రోషం వచ్చింది మరి.

అయితే నీకోసమే వచ్చానని అనుకోకు. ఇక్కడి బళ్ళకు టీచర్లు కావాలని సర్క్యులర్ వచ్చినప్పుడల్లా చదివి పక్కన పెట్టేదాన్ని. మూడేళ్ళు అలా పక్కన పెట్టాను. రాగానే పవర్ హౌస్ ఉన్న చోటికి వెళ్ళాను. నీళ్ళలో కొబ్బరి మొద్దులు నిలబడి ఉన్నాయి, తలలు లేవు. సిమెంటు దిమ్మ ఒకటి కనిపించింది, అది మన వాకిలో కాదో చెప్పలేను. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత బడికి వెళ్ళాలి కదా అని లేచాను. అంతే దేవా. అక్కడినుంచి లేచి బడికి వెళ్ళగలిగినందుకు నా మీద నాకే గర్వంగా అనిపించింది. ఇలాంటిది నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

బడి రేకుల షెడ్డు. పాఠం హిందీలో చెబుతాను, నికోబారీ మాటలు పిల్లలు నాకు నేర్పుతున్నారు. తప్పుగా పలికితే క్లాసు క్లాసంతా నవ్వుతుంది. ఎర్రసిరా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది.

మేబెల్ అని ఒక పిల్ల ఉంది, తొమ్మిదేళ్ళుంటాయి. తల్లీ తండ్రీ ఆ ఆదివారమే పోయారు, తాత పెంచుతున్నాడు. విన్నదంతా అప్పజెబుతుంది, పలక మీద మాత్రం అక్షరం రాయదు. మొద్దు అని పాత రిపోర్టులో ఉంది. ఎండలోకి వస్తే కళ్ళు మూసేసుకుంటుంది, మబ్బు పట్టినప్పుడు చలాకీగా తిరుగుతుంది. దగ్గర కూర్చోబెట్టుకుని చూస్తే రెండు నల్లగుడ్ల మధ్యా పాలచుక్కలాగా తెల్లగా ఉంది. ఇక్కడి డాక్టరు గారు శుక్లాలే అన్నారు, చిన్నపిల్ల కాబట్టి మత్తిచ్చి చెయ్యాలి, పెద్ద ఆసుపత్రికి పంపమన్నారు. పిల్లలకు కూడా శుక్లాలు వస్తాయని నాకు ఇప్పుడే తెలిసింది. నువ్వు రాసిన రకాల్లో ఇది ఎవరి పని?

ముందు పరీక్ష రాయి. తర్వాత జవాబు రాయి.

అక్క


విశాఖపట్నం,
24 ఆగస్టు 2008

అక్కా,

మేబెల్‌నీ తాతనీ నిన్న షిప్పెక్కించాను. ఈ ఉత్తరం తాత చేతికే ఇద్దామనుకున్నాను గానీ రాయడం పూర్తి కాలేదు. పోస్టులో వేస్తున్నాను.

ముందుగా, క్షమించు. ఆ రెండు పేజీల సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పెద్దాయన నిన్ను అడగకుండా ఆర్డరు రద్దు చేసి ఉంటే, నేను నీకు చేసిన మేలు అదీ.

నువ్వు అడిగినదానికి మార్చిలోనే జవాబు తెలుసు. అది పిల్లల కళ్ళ మేడమ్ పని. నీ ఉత్తరం పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాను. ఒక పసివాడి ముందు గిలక్కాయ ఆడిస్తూనే విన్నారు. "ఎప్పుడొస్తారు?" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

రెండు కళ్ళకూ వారం తేడాతో ఆపరేషన్ చేశారు. నేను పక్కన ఉన్నాను. పెద్దవాళ్ళ శుక్లం గట్టిగా ఉంటుంది, పిల్లలది మెత్తని వెన్నలా ఉంటుంది. మేడమ్ చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయంటే, ఊపిరి తీసుకోవడానికి కూడా నాకు భయమేసింది. రెండో కంటికి చివరి కుట్టు నా చేత వేయించారు.

కట్టు విప్పాక మేబెల్ ముందు తాత చెయ్యి లాక్కుని గోళ్ళు చూసింది. తర్వాత గోడ వైపు చూసి, "భయ్యా, దీవార్ పే వో క్యా చల్ రహా హై?" అంది. చీమలు. వరసగా పోతున్నాయి. చీమలు కుడతాయని తెలుసు గానీ అవి నడుస్తుంటే చూడలేదట. గోడ దగ్గర కూర్చుని అన్నం కూడా మరిచిపోయి చూసింది. నేను కూడా పక్కనే కూర్చున్నాను. మేడమ్ వచ్చి మమ్మల్నిద్దరినీ చూసి, నవ్వి వెళ్ళారు.

వార్డులో తాత నాతో చాలా మాట్లాడాడు. అతని హిందీ, నా హిందీ కలిసి సరిపోయాయి. షిప్పంటే అతనికి ప్రాణభయమట. సముద్రం మీద కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడట. నువ్వు రోజూ బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ ఉమ్మడి కుటుంబం ఇరవైమంది మధ్య చాప మీద కూర్చుని, పిల్ల సంగతి ఎత్తకుండా కొబ్బరి ఒలిచేదానివట. ఒకరోజు అతనే, "దీదీ, నీకు సముద్రమంటే భయం లేదా?" అని అడిగితే, "ఉంది. మా అమ్మానాన్న కూడా ఇక్కడే పోయారు. అయినా షిప్పెక్కి వచ్చాను" అన్నావట. మర్నాడు అతను పెట్టె కట్టుకున్నాడు. టికెట్ల కోసం ఎండలో లైన్లో నిలబడింది కూడా నువ్వేనట. నీ ఉత్తరాల్లో వీటిలో ఒక్క ముక్క లేదు. "ఆమె నాకు అక్క" అని చెబితే తాత నన్ను పైనుంచి కిందికి చూసి, "అచ్ఛా" అన్నాడు. ఎం.ఎస్. పాసైనప్పుడు కూడా నాకు అంత గర్వంగా లేదు.

ఇక జీతాల సంగతి. పిల్లల కళ్ళ ఫెలోషిప్‌లో చేరాను. మేడమ్ దగ్గరే, రెండేళ్ళు. ఆ తర్వాత కూడా రెటీనాలో సగం రాదని నీకు ముందే రాశాను, అది మారలేదు. మనోహర్ అప్పుడే కారు చూస్తున్నాడు. పాపం, వాడు ఆదివారాలు కూడా ఆపరేషన్ థియేటర్లోనే ఉంటాడు. నేను పొద్దున పిల్లలతో ఆడతాను, మధ్యాహ్నం వాళ్ళ అమ్మల చేత తిట్లు తింటాను, సాయంత్రం బీచిలో నడుస్తాను. ఆదివారం చర్చికి వెళ్తాను. బీదగా ఏమీ లేను. నీ ఓటు ఓడిపోయినందుకు ఏమంటావో చూడాలి. ఇది నీకోసం ఎంచుకోలేదు. మేబెల్ కోసం కూడా కాదేమో. ఆ కుట్టు వేస్తున్నప్పుడు ఇంకెక్కడా ఉండాలనిపించలేదు, అందుకని.

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో పిల్లల కళ్ళకు ప్రత్యేకంగా క్యాంపు పెడితే ఏడాదికోసారి మేమొస్తామని మేడమ్ రాయబోతున్నారు. ఈసారి ఆ ఉత్తరం ముందు నీకు చూపించి పంపిస్తాను.

నీ తమ్ముడు
దేవా


కార్ నికోబార్,
28 డిసెంబర్ 2008

దేవా,

ఈసారి నీ ఉత్తరంలో దిద్దడానికి రెండే తప్పులు దొరికాయి. అవి కూడా దిద్దకుండా దాచుకుంటున్నాను.

నా ఓటు ఓడిపోయిందన్నావు. ప్రోతరాపూర్ స్టాఫ్ రూమ్‌కి ఫోన్ చేసి నేనే ఫలితం చెప్పాను. శారదాదేవి మేడమ్ ఐదుకు ఇల్లు చేరతాడా అని మాత్రమే అడిగారు. నూకన్న ఫోన్ లాక్కుని, "జీతం కమ్ అయినా పర్వా నహీఁ టీచరమ్మా, మా చిన్నదానికి మెల్లకన్ను ఉంది, ఎప్పుడొస్తాడో పూఛో" అన్నాడు. అడగమన్నాడు కాబట్టి రాస్తున్నాను, జవాబు రాయి.

మేబెల్ మందపాటి కళ్ళజోడుతో వచ్చింది. మొదటి వారం బళ్ళో పాఠం సాగలేదు. అందరికీ ఆ జోడు పెట్టుకుని చూడాలి. దానికి అన్నీ కావాలి. పుస్తకంలో బొమ్మ కింద అక్షరాలు, నా చీర అంచు, రేకుల్లో చిల్లులు. నాలుగు నెలల్లో అక్షరాలన్నీ పట్టేసింది. మొద్దు అన్న రిపోర్టు తీసి, కింద నా చేత్తో కొత్త మాట రాసి సంతకం పెట్టాను.

మొన్న ఇరవై ఆరున ఇక్కడి చర్చిలో జ్ఞాపకార్థ ఆరాధన జరిగింది. పోయినవాళ్ళ పేర్లు పెద్ద చెక్క బోర్డు మీద రాసి గుమ్మం పక్కన నిలబెట్టారు. ఊరివాళ్ళ పేర్లతో పాటు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళవీ కలిపారు. హిందీలో ఉన్నాయి. ఏటా పెద్దవాళ్ళు చదువుతారట. ఈసారి తాత లేచి, మేబెల్‌ని ముందుకు నెట్టి, "యే పఢేగీ" అన్నాడు.

ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టుకుంటూ, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదివింది. చాలాసేపు పట్టింది. తన అమ్మ పేరు దగ్గర ఆగింది, తర్వాత తండ్రి పేరు. మళ్ళీ మొదలుపెట్టింది. చివరి వరసలో నాన్న పేరు, 'దేవదానం.' దాని పక్కన అమ్మది, 'ఫేబే.' వినని పేర్లు కదా, నోరు తిరగలేదు. వెనక్కు తిరిగి నా వైపు చూసింది. "సహీ హై దీదీ?" అని అడిగింది.

సరిగ్గానే చదివావని చెప్పాను. గాలికి వెనకవాళ్ళకు వినిపించి ఉండదని ఆ రెండు పేర్లూ మళ్ళీ గట్టిగా చదివింది.

నీ అక్క
ప్రేమావతి